అరబ్బీ చదువు, తెలుగు నాలుక: ఉత్తరాంధ్రలో ఇస్లామీ విద్య

భోగాపురం మండల రెవెన్యూ లెక్కల్లో 2024 జూలై 1న మొదలైన సంవత్సరం పేరు ఫసలీ 1434. వరి వేసే రైతుకు గానీ, నకలు కోసం అర్జీ పెట్టుకునే పట్టాదారుకు గానీ ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆలోచన రాదు. అది హిజ్రీ శకం నుంచి పుట్టిన అంకె. 1636లో, అంటే హిజ్రీ 1046లో, షాజహాన్ పాలనలో దక్కనుకు పంట కోతలతో కలిసి నడిచే సౌరమాన సంవత్సరం ఒకటి ఏర్పాటైంది. అప్పటి హిజ్రీ అంకెనే దానికి తగిలించారు. ఆనాటి నుంచి హిజ్రీ చంద్రుడి లెక్కన, ఫసలీ సూర్యుడి లెక్కన నడుస్తున్నాయి. 388 సౌర సంవత్సరాలు తిరిగేసరికి 400 చాంద్ర సంవత్సరాలు గడుస్తాయి కాబట్టి, 2024 జూలైలో ఫసలీ 1434తో పాటే హిజ్రీ 1446 కూడా మొదలై రెండింటి మధ్య 12 ఏళ్ల ఎడం పడింది. ఫసల్ అనే అరబ్బీ మాటకు ఋతువు, విభాగం అని అర్థాలు. పారసీకంలో, ఉర్దూలో అది పంట అయింది. ఖరీఫు అంటే అరబ్బీలో శరదృతువు, రబీ అంటే వసంతం. జమ, వసూలు, బాకీ, కిస్తు, జప్తు, అర్జీ, రాజీ, హాజరు, తారీఖు, అసలు, నకలు, హక్కు, చివరికి రైతు అన్న మాట కూడా అరబ్బీ ధాతువుల నుంచే వచ్చాయి. ఒక్క అరబ్బీ అక్షరం గుర్తుపట్టలేని ఊళ్లో కూడా, పొలం గట్టు తగాదా ఆ భాష మాటలు లేకుండా తెమలదు.

అరబ్బీ ఒక సమాజం మీద ఎలా పనిచేస్తుందో అడిగేటప్పుడు ఉత్తరాంధ్రను చూడడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. హైదరాబాదులోనూ కర్నూలులోనూ అరబ్బీ చుట్టూ ఉర్దూ వాతావరణం దట్టంగా ఉంటుంది. అక్కడ ఏది అరబ్బీ ప్రభావమో, ఏది ఉర్దూ ప్రభావమో విడదీయడం కష్టం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 2011 జనగణన నాటికి ముస్లింలు నూటికి ఒకరు కూడా లేరు. ఉర్దూ మాధ్యమ బడులు గుంటూరులోనో కడపలోనో ఉన్నంతగా ఇక్కడ లేవు. పిల్లలు బడిలో చదివేది తెలుగు, ఇంగ్లీషు. వీధిలో ఆడుకునేది తెలుగులో. అలాంటి చోట మసీదు వరండాలో కూర్చుని ఖురాన్ అక్షరాలు దిద్దే పిల్లవాడికి అరబ్బీ తిన్నగా తెలుగు నాలుక మీదకే వస్తుంది. దాని బలం, కొరత రెండూ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. ఈ వ్యాసం చెప్పదలచినది ఇది: అరబ్బీ ఉచ్చారణ విద్య పిల్లవాడికి వినికిడిని, జ్ఞాపకాన్ని, క్రమశిక్షణను ఇస్తుంది. ఆ విద్య సమాజానికి మేలుగా మారడం మాత్రం అర్థం ఏ భాషలో అందుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఉత్తరాంధ్రలో ఆ భాష తెలుగే కావాలి.

ముందు చరిత్ర. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో ఈ ప్రాంతం శ్రీకాకుళం సర్కారుగా, ఫౌజుదార్ల పాలనలో నడిచింది. శ్రీకాకుళం జామియా మసీదును 1641లో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. తర్వాత మొగలులు, వారి వెనుక నిజాం వచ్చారు. ఆర్కాటు నవాబు కాకముందు అన్వరుద్దీన్ ఖాన్ ఈ సర్కారులో అధికారం చేసినవాడే. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి, 1766లో నిజాం అలీ ఒప్పందంతో ఇంగ్లీషువారి చేతికి పోయాయి. ఈ కాలమంతటా కచేరీ భాష పారసీకం. అరబ్బీ మసీదులోను, ఖాజీ తీర్పులోను, సమాధి రాతి మీదా ఉండేది. తెలుగులో స్థిరపడ్డ అరబ్బీ మాటలు చాలా వరకు పారసీకం గుండా, దఫ్తరు లెక్కల గుండా వచ్చినవి. అందుకే వాటికి ప్రార్థన వాసన లేదు, శిస్తు వాసన ఉంది. హక్కు అన్న మాటనే చూడండి. అరబ్బీలో దానికి సత్యమనీ, న్యాయంగా రావలసినదనీ రెండర్థాలు. అల్లాహ్‌కు చెప్పే విశేషణాల్లో కూడా అదొకటి. సత్యమన్న అర్థం తెలుగు దాకా రాలేదు, రావలసినది అన్న అర్థం మాత్రం వచ్చింది. ఒక భాష నుంచి జనం తమకు పనికివచ్చినదే తీసుకుంటారనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేదు.

ఇక చదువు సంగతి. దక్కను ముస్లిం ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు బిస్మిల్లా చేయించే ఆచారం ఉంది. తెలుగు ఇళ్లలో అక్షరాభ్యాసం లాంటిదే. ఆ తర్వాత మక్తబ్. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక గానీ, సాయంత్రం బడి వదిలాక గానీ గంట, గంటన్నర సాగే చదువు ఇది. మొదట నూరానీ ఖాయిదా లాంటి వాచకం. అందులో అక్షరాలు, వాటి మీద జబర్, జేర్, పేష్ గుర్తులు. అరబ్బీలో ఈ గుర్తుల పేర్లు ఫతహా, కస్రా, దమ్మా. మన మక్తబుల్లో వినిపించేవి వాటి పారసీక పేర్లు. భాష ఏ దారిన వచ్చిందో ఆ పేర్లే చెబుతాయి. ఖాయిదా పూర్తయ్యాక నాజిరా, అంటే చూసి చదవడం. ముప్పై సిపారాలు (భాగాలు), 114 సూరాలు (అధ్యాయాలు) ఒకసారి ముగించడానికి పిల్లవాడి చురుకును బట్టి రెండు మూడేళ్లు పడుతుంది. ఎక్కువమంది చదువు అక్కడితో ఆగిపోతుంది. కొద్దిమంది హిఫ్జ్‌లో చేరి ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి హాఫిజ్ అవుతారు. ఇంకా కొద్దిమంది పెద్ద మదరసాకు వెళ్లి వ్యాకరణం, హదీసు, ఫిఖ్‌హ్ చదివి ఆలిమ్ అవుతారు. వారి పాఠ్యక్రమానికి చాలాచోట్ల పునాది 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరు మీదుగా వచ్చిన దర్సె నిజామీ. ఈ మెట్లన్నింటినీ కలిపి మదరసా అనేయడం వల్ల బయట చర్చలో సగం గందరగోళం పుడుతోంది.

తెలుగు పిల్లవాడి నోట అరబ్బీ ఎలా పలుకుతుందో దగ్గరగా చూస్తే, రెండు భాషల స్వభావం అర్థమవుతుంది. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నాలుక ఊరుకోదు. మస్జిద్ మసీదు అయింది, హక్ హక్కు అయింది, కిస్త్ కిస్తు అయింది. శతాబ్దాల కింద భాష చేసిన ఈ పనినే ఇవాళ మక్తబ్ పిల్లవాడు మళ్లీ చేస్తాడు. ఆయత్ (ఖురాన్ వాక్యం) చివర ఆగవలసిన హల్లుకు తెలియకుండానే ఒక ఉకారం తగిలిస్తాడు. ఉస్తాద్ మొదట దిద్దేది దాన్నే. తర్వాత అక్షరాల పుట్టుచోట్లు, అంటే మఖ్రజ్‌లు. నాలుక మొదట్లో, కొండనాలుక దగ్గర పుట్టే ఖాఫ్, దానికి కాస్త ముందు పుట్టే కాఫ్ మన చెవికి మొదట ఒకేలా వినిపిస్తాయి. ఖాఫ్‌తో పలికితే కల్బ్ అంటే హృదయం, కాఫ్‌తో పలికితే కుక్క. సే, సీన్, సాద్ అనే మూడింటికీ తెలుగు లిపిలో ఉన్నది ఒక్క స. జాల్, జే, జాద్, జోయ్ అనే నాలుగింటికీ ఒక్క జ. ఇక్కడ తెలుగు పిల్లవాడు కష్టపడాలి. ఇంకోవైపు అతనికి పుట్టుకతో వచ్చిన బలం కూడా ఉంది. హ్రస్వదీర్ఘాల తేడా, ద్విత్వం మన భాషలో అర్థాన్నే మార్చేస్తాయి. పలక, పాలక ఒకటి కాదని అయిదేళ్ల పిల్లవాడికీ తెలుసు. ఖురాన్ ఉచ్చారణ నియమాలను తజ్వీద్ అంటారు. తజ్వీద్‌లో మద్, షద్ అనేవి సరిగ్గా ఇవే. గుణింతం వల్లె వేసిన నోటికి జబర్, జేర్, పేష్ కొత్త సంగతి కాదు. రెండు లిపులు కుడి ఎడమలుగా నడిచినా చదువు చెప్పే పద్ధతి ఒకే చూరు కింద పుట్టినట్టుంటుంది.

అర్థం తెలియకుండా ఏళ్ల తరబడి పారాయణం చేయించడం వృథా శ్రమ కదా అన్నది మొదటి ఆక్షేపణ. దీన్ని తేలిగ్గా తోసేయకూడదు, తేలిగ్గా ఒప్పుకోనూ కూడదు. వేదపాఠశాలలో గురువు సంత చెబితే శిష్యుడు రెండుసార్లు తిరిగి చెబుతాడు. పదం, క్రమం, జట, ఘనం అంటూ మాటల్ని ముందుకూ వెనక్కూ తిప్పి వల్లె వేస్తాడు. అర్థం తర్వాతి చదువు. సంస్కృత కళాశాలతో, ఘనాపాఠీలతో పేరుపడ్డ విజయనగరంలో ఈ పద్ధతిని ఎవరూ వృథా అనరు, ఎందుకంటే ఒక గ్రంథాన్ని స్వరంతో సహా తరాల మీదుగా చెక్కుచెదరకుండా దాటించిన పద్ధతి అది. హిఫ్జ్ చేసేది కూడా అదే పని. రోజుకు కొత్తగా చదివేది సబఖ్, ఇటీవల చదివినది సబఖీ, పాతదంతా వంతులవారీగా తిరగేసేది మంజిల్. కొత్త పాఠం కంటే పాత పాఠం తిరగేయడానికే ఎక్కువ సమయం పోతుంది. మరిచిపోవడం సహజమని తెలిసి, దానికి ముందుగానే ఏర్పాటు చేసుకున్న పద్ధతి ఇది. రంజాన్ రాత్రుల్లో తరావీహ్ నమాజులో హాఫిజ్ చూడకుండా ఖురాన్ మొత్తం వినిపిస్తాడు. తప్పు దొర్లితే వెనక నిలబడ్డ ఇంకో హాఫిజ్ అక్కడికక్కడే అందిస్తాడు. ఒక ఊరి జనం తమ గ్రంథాన్ని ఏటా ఒకసారి చెవులతో సరిచూసుకోవడమే ఇది. పారాయణానికి ఈ విలువ ఉంది. దాన్ని కాదనేవాళ్లు మౌఖిక సంప్రదాయాలన్నింటినీ కాదనాలి.

అయితే పారాయణం దగ్గరే ఆగిపోతే ఏం పోతుందో కూడా చెప్పుకోవాలి. ఖురాన్ నాలుగో అధ్యాయం పేరు నిసా, అంటే స్త్రీలు. అందులో 11వ ఆయత్ కొడుకు వాటాలో సగం కూతురికి చెందాలని నిర్ణయించింది. అసలు వాటాయే లేని కాలంలో, లేని సమాజంలో అది వచ్చింది. వారసత్వపు వాటాలు లెక్కగట్టే ఫరాయిజ్ శాస్త్రం ఇస్లామీ విద్యలో ఒక పెద్ద భాగం. అల్ ఖ్వారిజ్మీ బీజగణిత గ్రంథంలో చివరి భాగమంతా వీలునామాలు, వాటాల లెక్కలే. చట్టం వైపు చూస్తే, 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని పక్కన పెట్టినా, మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తీసేసింది. ఉత్తరాంధ్ర అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది. అంటే ఇక్కడి ముస్లిం కూతురికి పొలంలో వాటా ఉంది, గ్రంథం ప్రకారమూ ఉంది, చట్టం ప్రకారమూ ఉంది. ఆ ఆయత్‌ను చక్కటి తజ్వీద్‌తో చదవగలిగిన ఆడపిల్లకు, అది తన వాటా గురించి మాట్లాడుతోందని తెలియకపోతే ఆ చదువు ఆమెకు చేయవలసిన మేలులో ముఖ్యమైనది చేయలేదన్నమాట. ఇళ్లలో చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఖురాన్ చెప్పే ఆపాలు తెలుగు ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఉచ్చారణతో పాటు అర్థం చెప్పగలిగే శిక్షణ వారికి అందితే దాని ఫలితం మసీదు ప్రసంగాల కంటే ముందు ఇళ్లకు చేరుతుంది.

అర్థం ఏ భాషలో? ఇంతకాలం సమాధానం ఉర్దూ. పెద్ద మదరసాల బోధన, వ్యాఖ్యానాలు, ఫత్వాలు అన్నీ ఉర్దూలో ఉండడం వల్ల అరబ్బీకి తెలుగు పిల్లవాడికి మధ్య ఇంకో భాష నిలబడింది. ఉర్దూ ఇంటి భాష అయిన చోట అది వంతెన. దూదేకుల, నూర్ బాషా కుటుంబాల వంటి తెలుగే తల్లిభాషగా ఉన్న ముస్లింలకు అది ఇంకో పరభాష. వారు నమాజు అరబ్బీలో చేసి, చేతులెత్తి దువా తెలుగులో చేసుకుంటారు. మనసు విప్పుకునే భాష తెలుగైనప్పుడు మతం బోధించే భాష కూడా అదే కావడం సహజం. తమిళనాడులో అర్వి, కేరళలో అరబీ మలయాళం పేరుతో స్థానిక భాషను అరబ్బీ లిపిలో రాసుకునే సంప్రదాయాలు పెరిగాయి. అరబ్బీ ఉచ్చారణ చెడకుండా, అర్థం మాతృభాషలో అందేలా అవి చూశాయి. తెలుగులో అంతటి సంప్రదాయం నిలవలేదు. దానికి ముఖ్య కారణం, ఆ స్థానాన్ని ఉర్దూ ముందే ఆక్రమించడమని నా అభిప్రాయం.

ఆ లోటును తెలుగు అనువాదాలు తీర్చడం మొదలుపెట్టి నూరేళ్లయింది. ఆ పనికి పూనుకున్న మొదటివాడు ఉత్తరాంధ్రలో పుట్టిన భాషా శాస్త్రవేత్త, ఆంధ్ర భాషా చరిత్రము రాసిన చిలుకూరి నారాయణరావు. 1925లో ఆయన ఖురాన్ తెలుగు అనువాదం వెలువడింది. తర్వాత కర్నూలుకు చెందిన మౌల్వీ అబ్దుల్ గఫూర్ అరబ్బీ మూలం నుంచి, ఆ పిమ్మట షేక్ హమీదుల్లా షరీఫ్ వంటివారు ఈ పని కొనసాగించారు. ఇదే నేల నుంచి మరొకరు: బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో పుట్టి విజయనగరంలో వెలిగిన ఆదిభట్ల నారాయణదాసు. హరికథకు పితామహుడిగా లోకమెరిగిన ఆయన పారసీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చారు. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) అదే కవిని పద్యాల్లోకి తెచ్చారు, అరబ్బీ, పారసీకం, సంస్కృతం మూడూ అలవోకగా వాడారు. మత విద్య తప్పనిసరిగా మనిషిని తన భాషకు పరాయివాణ్ణి చేస్తుందన్న మాటకు అలీషా జీవితమే సమాధానం. గ్రాంథికాన్ని విడిచి జనం మాట్లాడే భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది కూడా ఈ శ్రీకాకుళం గడ్డ మీదే. సవరల పిల్లలకు సవర భాషలో చదువు చెప్పాలన్న ఆయన వాదానికీ, ముస్లిం పిల్లలకు ఖురాన్ అర్థం తెలుగులో చెప్పాలన్న వాదానికీ మూలసూత్రం ఒకటే.

దీనికి మదరసాల లోపలి నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. అనువాదం ఖురాన్ కాదు, తెలుగు లిపిలో అరబ్బీ రాస్తే ఉచ్చారణ చెడుతుంది అని. రెండో భాగం అక్షరాలా నిజం. హృదయానికీ కుక్కకూ ఒకే రాత రాసే లిపిలో ఆయతులు అచ్చువేస్తే జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే పఠనానికి అరబ్బీ లిపి, అర్థానికి తెలుగు లిపి అన్న విభజన ఉండాలి. తెలుగు అక్షరాల్లో ఆయతులు అచ్చువేసే తేలిక దారి పట్టకూడదు. మొదటి భాగం గురించి చెప్పాలంటే, ఉర్దూ తర్జుమాకు లేని దోషం తెలుగు తర్జుమాకు ఎక్కడి నుంచి వస్తుంది? 18వ శతాబ్దం చివర ఖురాన్‌ను ఉర్దూలోకి తెచ్చినప్పుడు కూడా ఉద్దేశం ఇదే, అర్థం జనానికి చేరాలని. ఉర్దూకు ఒప్పుకున్నది తెలుగుకు ఒప్పుకోకపోవడానికి శాస్త్రంలో ఆధారం లేదు, అలవాటులో ఉంది.

బయటి నుంచి వచ్చే ఆక్షేపణ వేరు. మదరసాలు పిల్లల్ని బడికి దూరం చేస్తున్నాయని. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదువుతున్నవారు నూటికి ముగ్గురు, నలుగురికి మించరు. మక్తబుకు వెళ్లే పిల్లలు చాలామంది అదే రోజు బడికీ వెళతారన్న సంగతిని ఆ నివేదిక విడిగా చెప్పింది. కేరళలో 1951లో ఏర్పడిన సమస్త మత విద్యా బోర్డు మదరసాలు బడి వేళకు ముందో తర్వాతో నడుస్తాయి. వేల సంఖ్యలో ఉన్న ఆ మదరసాలు అక్కడి అక్షరాస్యతను వెనక్కి లాగలేదు. కనుక మక్తబ్ మీద ఈ ఆరోపణ నిలవదు. పూర్తికాలపు మదరసాల విషయంలో మాత్రం ఆందోళన నిజమైనది. పదేళ్ల పిల్లవాడు గణితం, సైన్సు లేకుండా ఎనిమిదేళ్లు చదివి బయటికొస్తే అతనికి మిగిలే దారులు ఇమామత్, మక్తబ్ బోధన. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ మదరసాలను, వేదపాఠశాలలను ఒకే వాక్యంలో చట్టం పరిధి నుంచి తప్పించింది. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదరసా చట్టాన్ని నిలబెడుతూనే, ఫాజిల్, కామిల్ అనే ఉన్నత పట్టాలు ఇచ్చే అధికారాన్ని కొట్టేసింది, బడి స్థాయిలో విద్యా ప్రమాణాలను ప్రభుత్వం నిర్ణయించవచ్చని చెప్పింది. హిఫ్జ్ చేస్తున్న పిల్లలకు పదో తరగతి పరీక్షకు సార్వత్రిక విద్యాపీఠం దారి ఉంది. దాన్ని వాడుకోవడం మదరసా పెద్దల బాధ్యత.

పైస్థాయి అరబ్బీ విద్య ఏమి చేయగలదో చూడాలంటే హైదరాబాదు వెళ్లాలి. అక్కడ 1876లో మౌలానా అన్వరుల్లా ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888లో పుట్టిన ఈ రెండో సంస్థ పాత అరబ్బీ రాతప్రతులను వెతికి, సరిపోల్చి, అచ్చువేయడమే పనిగా పెట్టుకుంది. అల్ బీరూనీ ఖగోళ గ్రంథం ఖానూన్ అల్ మసూదీని 1954–56 మధ్య మూడు సంపుటాలుగా, భారతదేశం మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1958లో వెలువరించింది. సంస్కృతం నేర్చుకుని మన శాస్త్రాలను అరబ్బీలో రాసిన పండితుడి పుస్తకం తెలుగు నేల మీద అచ్చయి ప్రపంచ విశ్వవిద్యాలయాలకు చేరింది. అరబ్బీ అంటే మత విద్యే, దానితో లోకానికి పనిలేదు అనేవారు ఈ సంస్థ పుస్తకాల జాబితా ఒకసారి చూడాలి.

ఇంకో ఆక్షేపణ ముస్లిం సమాజంలోనే నలుగుతోంది. అరబ్బీ చదువు పెరిగేకొద్దీ ఇక్కడి ఉమ్మడి సంస్కృతి తరుగుతోందని. విజయనగరం ఖాదర్ బాబా దర్గాకు, విశాఖ ఓడరేవు పక్క కొండ మీది ఇసాక్ మదీనా దర్గాకు హిందూ భక్తులు పెద్ద సంఖ్యలో వస్తారు. పీర్ల పండగ తెలుగు పల్లెల్లో అందరి పండగ. మస్తాన్, నాగూర్, దస్తగిరి, హుసేనమ్మ వంటి పేర్లు తగ్గి అచ్చమైన అరబ్బీ పేర్లు పెరుగుతున్నాయి. రంజాన్‌ను రమదాన్ అనేవారు, ఖుదా హాఫిజ్ బదులు అల్లాహ్ హాఫిజ్ అనేవారు కనిపిస్తున్నారు. ఇందులో కొంత నష్టం ఉంది, దాన్ని దాచనక్కరలేదు. పీర్ల చావిడి ముందు డప్పు కొట్టే హక్కు తరతరాలుగా ఉన్న కుటుంబం ఆ చావిడి మూతపడితే పోగొట్టుకునేది ఒక పండగను మాత్రమే కాదు, ఊళ్లో తన స్థానాన్ని కూడా. కానీ కారణాన్ని భాష మీద వేయడం సరికాదు. దర్గాలను సమర్థించే జామియా నిజామియా పండితుడూ, వాటిని కాదనే సంస్కరణవాదీ చదివేది అదే ఖురాన్, అదే హదీసు, అదే అరబ్బీలో. గ్రంథం చదవడం ఒక నిర్ణయానికి తోసేది అయితే ఈ రెండు వర్గాలు ఉండేవి కావు. పైగా, అర్థం తెలుగులో చదివినవాడు ఎదుటివాడి వ్యాఖ్యానాన్ని ప్రశ్నించగలడు. అర్థం తెలియనివాడు ఎవరు గట్టిగా చెబితే వారి మాట నమ్ముతాడు. ఉమ్మడి బతుకుకు ముప్పు ఉందంటే అది ఈ రెండోవాడి నిస్సహాయతలో ఉంది.

అరబ్బీకి ఉత్తరాంధ్రలో ఇప్పుడు ఇంకో ముఖం ఉంది, దానికి మతంతో సంబంధం లేదు. ఉద్దానం ఊళ్ల నుంచి, శ్రీకాకుళం తీరం నుంచి వెల్డింగు, ఫిట్టింగు, కట్టడం పనులకు గల్ఫ్ వెళ్లేవారిలో ఎక్కువమంది హిందువులు. వారు అక్కడ నేర్చుకునేది వీధి అరబ్బీ. కఫీల్ అంటే పూచీదారు, మన జామీను లాంటివాడు. అకామా అంటే నివాస అనుమతి కార్డు. దాని అసలు రూపం ఇఖామా. నమాజుకు వరుస కట్టేముందు మసీదులో పలికే పిలుపు పేరు కూడా అదే, నిలబడడమన్న ధాతువు నుంచి పుట్టిన మాట. మక్తబులో ఇఖామత్ నేర్చిన పిల్లవాడికీ, కువైట్‌లో అకామా కోసం తిరిగే కూలీకీ తెలిసినది ఒకే మాటలోని రెండు ముక్కలు. ఖురాన్ చదవడం వచ్చినంత మాత్రాన కువైట్ వీధి మాట అర్థం కాదు, వీధి అరబ్బీ వచ్చినంత మాత్రాన ఒప్పంద పత్రం చదవడం రాదు. సంతకం పెట్టే కాగితంలో జీతం, సెలవు, పాస్‌పోర్టు గురించి ఏం రాసి ఉందో తెలియకపోవడం వల్ల మోసపోయినవారి కథలు ఈ జిల్లాల్లో కొత్త కాదు. నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో వెల్డింగుతో పాటు నెల రోజులు పని అరబ్బీ నేర్పితే, దాన్ని నేర్పగలిగే ఆలిములు ఊళ్లోనే దొరుకుతారు. మదరసా చదువుకు మసీదు బయట ఒక జీతం దొరికే దారి కూడా అవుతుంది.

2023 మే 3న భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. గల్ఫ్ విమానాలు అక్కడి నుంచి ఎగిరే రోజుకు ఈ పని అరబ్బీ శిక్షణ మొదలై ఉండాలి. ఇక ఖురాన్ అర్థం విషయంలో మసీదు కమిటీలకు ఒక విన్నపం, డబ్బు ఖర్చు లేనిది. వచ్చే రంజాన్‌లో ప్రతి రాత్రి తరావీహ్ ముగిశాక, ఆ రాత్రి హాఫిజ్ సాబ్ చదివిన భాగంలో ఏముందో పది నిమిషాలు తెలుగులో చెప్పించండి. ఆడవాళ్లకు వినిపించేలా మైకు పెట్టించండి. నిసా సూరా వచ్చిన రాత్రి పదకొండో ఆయత్ అర్థాన్ని వదిలేయకండి.